రోజూ జేబులో ఉండే చిన్న మడత చాకు: ఎంపిక డైరీ

ఏ పనికి చాకు?

రోజూ జేబులో ఉంటూ బరువు తెలియనివ్వకుండా, బయటికి తీసినప్పుడు మాత్రం అడిగిన కోతను శుభ్రంగా కోసి పెట్టే ఒకే ఒక చిన్న మడత చాకును ఎంచుకోవడం ఈ ప్రాజెక్టు ఉద్దేశం. సేకరణ కోసం ఈ వెతుకులాట మొదలుపెట్టలేదు, ఆత్మరక్షణ కోసం అసలే కాదు. జేబు చాకును ఆయుధంగా ఊహించుకుని కొనేవారు తమ నిత్యావసరానికి కొరగాని దళసరి వస్తువును మోస్తూ తిరుగుతారని నా గట్టి అభిప్రాయం. అందుచేత ఆ ఆలోచనను మొదటి పేజీలోనే పక్కన పెట్టాను.

చాకులను చూడటం మొదలుపెట్టక ముందు, నేను రోజూ ఏమేమి కోస్తున్నానో గమనించాలనుకున్నాను. చేతిలో చాకు ఉంటే బాగుండునని తోచిన ప్రతిసారీ, ఏమి కోయవలసి వచ్చింది, కోత ఎంత లోతుకు వెళ్లాలి, రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయా లేదా, చుట్టూ ఎవరైనా ఉన్నారా అనే వివరాలను ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. కొంతకాలం గడిచాక ఆ పేజీలను తిరగేస్తే విషయం స్పష్టంగా కనిపించింది. పార్సిళ్ల మీది టేపు, ప్లాస్టిక్ సంచుల మూతి, కొత్త బట్టలకు వేలాడే చీటీల దారం, పురికొస, కవర్లు, కేబుల్ టైలు, మొద్దుబారిన పెన్సిళ్లు, అప్పుడప్పుడు ఒక పండు, అరుదుగా మందపాటి అట్టపెట్టెను ముక్కలు చేయవలసిన పని, ఇంతే. వీటిలో అన్నిటికన్నా లోతైన కోత ఆపిల్ పండుది. దానికి కూడా 6 సెంటీమీటర్ల బ్లేడు సరిపోతుంది, ఎందుకంటే పండును చుట్టూ తిప్పుతూ కోయవచ్చు.

పుస్తకంలో ఇంకో విశేషం కూడా బయటపడింది. దాదాపు అన్ని పనులూ అంచును తన వైపు లాగుతూనో, పక్కకు జరుపుతూనో కోసేవి. మొనతో పొడిచి తిప్పవలసిన పని బెల్టుకు కొత్త రంధ్రం వేయడం ఒక్కటే. ఇది చిన్న సంగతిగా కనిపించినా, లాక్, అంటే తెరిచిన బ్లేడు మడుచుకోకుండా పట్టి ఉంచే ఏర్పాటు, అవసరమా కాదా అన్న ప్రశ్నకు జవాబు చివరకు ఇక్కడి నుంచే వచ్చింది.

పొడవు, చట్టం

పొడవును ఇష్టం ఒక్కటే నిర్ణయించదు. వెంట ఉంచుకోదగిన చాకు ఏదన్నది దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో తగిన కారణం చూపకుండా బహిరంగ ప్రదేశంలో వెంట ఉంచుకోగలిగింది, కోసే అంచు 3 అంగుళాలు, అంటే 7.62 సెంటీమీటర్లు దాటని, లాక్ లేని మడత చాకు మాత్రమే. జపాన్‌లో 6 సెంటీమీటర్లు దాటిన బ్లేడును సరైన కారణం లేకుండా మోయడాన్ని చట్టం నిషేధిస్తుంది, అంతకన్నా చిన్నదానికి కూడా కారణం అడిగే అధికారం అక్కడి పోలీసులకు ఉంటుంది. విమానంలో చేతి సంచిలో ఏ చాకునూ తీసుకుపోకూడదన్న నియమాన్నే పాటించడం ఎక్కడైనా క్షేమం. ప్రయాణించే చోటి నియమాన్ని ముందుగా చదువుకోవడం చాకు కొనడంలో భాగమేనని నేను భావిస్తాను.

ఈ కొలతలను, నా పుస్తకంలోని కోతలను పక్కపక్కన పెట్టి, బ్లేడు 5 నుంచి 7 సెంటీమీటర్ల మధ్య ఉండాలని గిరి గీసుకున్నాను. ఈ ఒక్క నిర్ణయంతోనే మార్కెట్లో కనిపించే చాకుల్లో పెద్ద భాగం పక్కకు తప్పుకుంది.

చెక్కముక్కలతో జేబు పరీక్ష

అసలు చాకులు చేతికి రాకముందే జేబు సంగతి తేల్చుకోవచ్చునని తోచింది. ప్రసిద్ధమైన కొన్ని నమూనాల మడిచిన పొడవు, మందం, బరువు వాటి తయారీదారులే ప్రకటిస్తారు. ఆ కొలతలకు పలుచని చెక్కముక్కలు కోసి, అంచులు గరుకు కాగితంతో గుండ్రంగా రుద్ది, లోపల ఒక రంధ్రం తొలిచి, బరువు సరిపోయేవరకు ఇనుప వాషర్లు కూర్చి, టేపు చుట్టాను. స్విట్జర్లాండ్ సంస్థ విక్టోరినాక్స్ చేసే క్లాసిక్ కోసం 58 మిల్లీమీటర్ల పొడవు, 21 గ్రాముల బరువు. అదే సంస్థ అల్యూమినియం పిడితో చేసే క్యాడెట్ కోసం 84 మిల్లీమీటర్లు, 46 గ్రాములు. అమెరికా సంస్థ స్పైడర్కో చేసే డెలికా కోసం 108 మిల్లీమీటర్లు, 71 గ్రాములు. ఇవి కాక, అనేక పనిముట్లు కలిసిన 91 మిల్లీమీటర్ల లావుపాటి నమూనా ఒకటి, కేవలం బరువు తెలుసుకోవడానికి 200 గ్రాముల మొద్దు ఒకటి చేశాను.

వీటిని వంతులవారీగా జేబులో వేసుకుని కూర్చున్నాను, మెట్లెక్కాను, వంగి బూటు తాళ్లు కట్టుకున్నాను. జేబును ఇబ్బంది పెట్టేది పొడవు కాదనీ మందమనీ ఈ చెక్కముక్కలు చెప్పాయి. 84 మిల్లీమీటర్ల ముక్క 9 మిల్లీమీటర్ల మందంతో తొడకు ఆనుకుని పడి ఉంటే, దానికన్నా కాస్త మాత్రమే పొడవైన లావుపాటి ముక్క కూర్చున్న ప్రతిసారీ గుచ్చుకుంది. 58 మిల్లీమీటర్లది ఉందో లేదో చేత్తో తడిమి చూసుకోవలసి వచ్చింది, తీసేటప్పుడు నాణేల మధ్య దొరకనూ లేదు. 200 గ్రాముల మొద్దు సంగతి చెప్పనవసరం లేదు. పలుచని బట్టతో కుట్టిన జేబును అది ఒక పక్కకు లాగివేసింది.

క్లిప్పు మీద కూడా ఒక ఆలోచన స్థిరపడింది. జేబు అంచుకు క్లిప్పుతో తగిలించిన చాకు కదలకుండా నిలబడుతుంది, చేతికి వెంటనే దొరుకుతుంది, ఈ సౌకర్యం నిజమైనదే. అయితే అది జేబు మూతిలో ఒక మూలను ఆక్రమించుకుని, తాళాల కోసం చెయ్యి పెట్టినప్పుడల్లా వేళ్లకు అడ్డుతగులుతుంది. పైగా మెరిసే క్లిప్పు ఎదుటివారికి అక్కడ చాకు ఉందని ప్రకటిస్తుంది. నలుగురిలో పనిచేసే మనిషికి ఇది పట్టించుకోవలసిన విషయమే.

అంచు వెనుక మందం

ఈ డైరీలో ఎక్కువ పేజీలు తీసుకున్న భాగం ఇదే, ఎంపికలో అన్నిటికన్నా బరువైనది కూడా ఇదేనని ఇప్పుడు అనుకుంటున్నాను. చాకుల వర్ణనల్లో ఉక్కు పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది, వెన్ను (అంచుకు ఎదుటి వైపు) మందం చిన్న అక్షరాలతో ఉంటుంది, కోతను నిజంగా శాసించే కొలత మాత్రం చాలాసార్లు కనిపించదు. అది పదునుపెట్టిన సన్నని పట్టీ ఎక్కడ ఆగిపోతుందో, సరిగ్గా దాని పైన బ్లేడు ఎంత దళసరిగా ఉందన్నది.

మిత్రుల దగ్గర నుంచి అరువు తెచ్చుకున్న చాకులను వరుసగా పెట్టి, వెర్నియర్ కాలిపర్స్‌తో ఆ చోట కొలిచాను. కాలిపర్స్ దవడలు అంచును కొరకకుండా ఉండేందుకు పట్టీకి కొంచెం పైనే, వెన్ను వైపు నుంచి దించి, ఒత్తకుండా తాకించాలి. కొన్ని చాకులు పావు మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉన్నాయి, దృఢత్వం పేరుతో అమ్మే కొన్ని ముప్పాతిక మిల్లీమీటరు దాటాయి. చేతితో పట్టుకుంటే ఈ తేడా తెలియదు. ఆపిల్‌ను కోయగానే తెలిసిపోతుంది. పలుచని బ్లేడు పండులోకి చప్పుడు లేకుండా దిగి, కోసిన ముఖాన్ని తడిగా, నునుపుగా వదిలింది. దళసరిది సగం దిగేసరికి పండును గొడ్డలిలా పగలగొట్టింది. టప్పున చప్పుడైంది, ముక్క కోసుకుపోలేదు, చీలిపోయింది. రెండు చాకుల అంచులనూ అంతకుముందే ఒకే రాయి మీద, ఒకే కోణంతో, వార్తాపత్రిక కాగితాన్ని చీలికలు లేకుండా కోసేవరకు సానపట్టి ఉంచాను కాబట్టి, తేడా పదునుది కాదు, ఆకారానిది.

అట్ట విషయంలో ఇదే ఇంకా ప్రస్ఫుటంగా కనిపించింది. అట్ట కోసిన వెంటనే రెండు పక్కల నుంచి బ్లేడును పట్టి బిగిస్తుంది. అంచు ఎంత పదునుగా ఉన్నా, దాని వెనుక వచ్చే భాగం లావుగా ఉంటే కోతకు పెట్టే బలంలో ఎక్కువ వంతు ఈ రాపిడికే ఖర్చవుతుంది. చెయ్యి అలసిపోతుంది, అలసిన చెయ్యి ఎక్కువ ఒత్తుతుంది, ఎక్కువ ఒత్తిన చాకు జారినప్పుడు గాయం లోతుగా అవుతుంది. పలుచని బ్లేడు క్షేమం కూడా అని నేను చెప్పడానికి కారణం ఇదే.

కాలిపర్స్ లేనివారు ఈ మందాన్ని కంటితోనే అంచనా వేయవచ్చు. అంచు మీద సానపట్టిన పట్టీ వెడల్పు చూస్తే చాలు. ఒక్కో పక్క 20 డిగ్రీల కోణంతో సానపట్టినప్పుడు, వెనుక మందం అర మిల్లీమీటరైతే పట్టీ వెడల్పు సుమారు 0.73 మిల్లీమీటర్లు వస్తుంది, పావు మిల్లీమీటరైతే అందులో సగమే వస్తుంది. అంటే కోణం ఒకటే అయినప్పుడు వెడల్పుగా మెరిసే పట్టీ దళసరి బ్లేడుకు గుర్తు. అందంగా కనిపించే ఆ వెడల్పాటి మెరుపును చూసి ఇది బాగా పదునుపెట్టిన చాకు అనుకోవడం సహజమే గాని, అది చెప్పే కథ వేరు. సానపట్టిన కొద్దీ అంచు పైకి జరిగి, బ్లేడులోని ఇంకా లావైన భాగంలోకి ప్రవేశిస్తుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. కొత్తలోనే లావుగా ఉన్న చాకు ఏళ్లు గడిచిన కొద్దీ మరింత మొండికేస్తుంది.

వెన్ను నుంచి అంచు దాకా సమతలంగా సన్నబడే బ్లేడు నా పనులకు బాగా నప్పింది. రెండు పక్కలా లోనికి పుటాకారంగా చెక్కిన బ్లేడు టేపును, దారాన్ని అద్భుతంగా కోస్తుంది, కాని లోతైన కోతలో ఆ పుటాకారం ముగిసి లావు మొదలయ్యే చోట పట్టుకుంటుంది. మొన ఆకారం గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. వెన్ను మెల్లగా దిగి అంచును కలిసే సాదా మొన చాలు. గొర్రె గిట్టలా మొద్దు మొన ఉన్నవి పార్సిల్ లోపలి వస్తువును గీరకుండా కాపాడతాయన్న మాట నిజమే, పండు మచ్చలను తవ్వి తీసేటప్పుడు అవి నిరాశపరిచాయి.

లాక్ అవసరమా

ఈ ప్రశ్న మీద నా అభిప్రాయం పని సాగే కొద్దీ మారుతూ వచ్చింది, అందుకే చూసిన క్రమంలోనే రాస్తున్నాను.

లాక్ లేని చాకులో పిడి వెన్నున ఒక బలమైన స్ప్రింగ్ పట్టీ ఉంటుంది. బ్లేడు మొదలులోని చదునైన భాగం మీద అది ఒత్తుతూ, తెరిచినప్పుడు తెరిచే ఉంచుతుంది, మూసినప్పుడు మూసే ఉంచుతుంది. వెన్ను మీద తగినంత బలం పడితే మడుచుకుంటుంది. స్విట్జర్లాండ్‌లోని ఈబాక్‌లో విక్టోరినాక్స్ వ్యవస్థాపకుడు కార్ల్ ఎల్సెనర్ 1884లో కార్ఖానా తెరిచి, 1891లో సైన్యానికి చాకులు అందించి, 1897లో నమోదు చేయించిన అధికారుల చాకు కూడా ఈ వెన్ను స్ప్రింగ్ పద్ధతిదే. ఇంత పాత పద్ధతి ఇంకా నిలిచి ఉండటానికి కారణం, కోసేటప్పుడు పడే బలం బ్లేడును తెరిచే వైపుకే నెడుతుంది కాని మూసే వైపుకు కాదు.

ఫ్రాన్స్‌లోని సవ్వా ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో మొదలుపెట్టిన చెక్కపిడి చాకుకు తర్వాతి కాలంలో, 1955లో, తిరిగే ఉక్కు వలయం చేరింది. వలయాన్ని తిప్పితే దాని చీలిక బ్లేడు దారి నుంచి తప్పుకుని, లోహం అడ్డుగా నిలుస్తుంది. చూడగానే అర్థమయ్యే ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది. ఒపినెల్ 8వ నంబరు చాకు బ్లేడు 8.5 సెంటీమీటర్లు కాబట్టి నా గిరి దాటింది, అయినా కోతల పోటీలో అరువు తెచ్చిన చాకులన్నిటిలో అదే ముందు నిలిచింది. ఎందుకంటే దాని బ్లేడు అంత పలుచన. తడి తగిలితే దాని బీచ్ చెక్క ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది, చెమటతో తడిసే జేబుకు అది అంతగా సరిపడదు.

లైనర్ లాక్‌ను దగ్గరగా చూడటం కోసం ఒకదాన్ని తెరిచి, దీపం కింద పిడి లోపలికి చూశాను. పిడి లోపలి లోహపు రేకులో ఒక భాగాన్ని చీల్చి లోనికి వంచి ఉంచుతారు. బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే ఆ నాలుక పక్కకు దూకి బ్లేడు మొదలు వెనుక నిలుస్తుంది. మొదలు ముఖం కాస్త ఏటవాలుగా ఉంటుంది, నాలుక దాని మీద ఎంత దూరం జరిగిందన్నది లాక్ ఆరోగ్యాన్ని చెబుతుంది. కొత్త చాకులో అది మొదటి మూడో వంతులో ఆగాలి. నేను చూస్తున్న చౌకరకం చాకులో నాలుక అటు చివరి దాకా జరిగి ఎదుటి రేకును తాకుతోంది, ఇక జరగడానికి చోటు లేదు. బ్లేడు మొనను చెక్కబల్ల మీద ఆనించి, వేళ్లన్నిటినీ మడత దారి నుంచి తప్పించి, వెన్ను వైపు మెల్లగా ఒత్తి చూశాను. సన్నని చప్పుడుతో నాలుక జారి బ్లేడు లొంగిపోయింది. లాక్ ఉందన్న ధైర్యంతో గట్టిగా పొడిచే మనిషికి ఇలాంటి లాక్ కన్నా లాక్ లేకపోవడమే మేలు. లేదని తెలిసిన చెయ్యి జాగ్రత్తపడుతుంది.

మూసేటప్పటి సంగతి కూడా చూడాలి. లైనర్ లాక్‌ను విడిపించాలంటే బొటనవేలు బ్లేడు దిగే దారిలోనే ఉండి నాలుకను నెట్టాలి. బ్లేడు కొంత మడిచాక వేలు తీసి మళ్లీ మడవడం అలవాటు చేసుకోవాలి. వెన్ను వైపు మీట ఉండే లాక్‌బ్యాక్ పద్ధతిలో రెండు చేతులతో మూయడమే క్షేమమైన దారి. 1998లో బెంచ్‌మేడ్ సంస్థ యాక్సిస్ పేరుతో తెచ్చిన అడ్డకడ్డీ లాక్‌లో మాత్రం, పిడికి రెండు పక్కలా బయటికి వచ్చే కడ్డీని వెనక్కి లాగితే చాలు, ఏ వేలూ బ్లేడు దారిలోకి వెళ్లదు. కుడిచేతివారికి ఎడమచేతివారికి తేడా లేదు. లాక్ కావాలని నిర్ణయించుకున్నవారికి చిన్న చాకుల్లో నేను సూచించేది ఇదే.

నాకు లాక్ కావాలా అన్నది తేల్చడానికి మళ్లీ నా కోతల పుస్తకం దగ్గరికే వెళ్లాను. పొడిచే పని ఒక్కటే ఉంది. ఆ ఒక్క పనికి తోలు తొలిచే ఆరె ఇంట్లోనే ఉంది. కాబట్టి నా వాడకానికి లాక్ అత్యవసరం కాదని రాసుకున్నాను. రోజూ తాళ్లు కోసే, చెక్క చెక్కే, చేతికి తొడుగులతో పనిచేసే మనిషి పుస్తకం వేరే మాట చెబుతుంది, అతను వేరే చాకు కొనాలి.

ఉక్కు గురించి, అవసరమైనంత

ఉక్కు పేర్ల గురించి చాలా చదివాను. ఎంత చదివినా నా నిర్ణయాన్ని అవి పెద్దగా కదిలించలేదు, ఎందుకో చెప్పాలి. పదును నిలవడం, విరగకుండా ఉండటం, తుప్పు పట్టకపోవడం, సులభంగా సానకు లొంగడం, ఈ నాలుగూ ఒకేసారి పూర్తిగా దొరకవు. 2001లో వచ్చిన ఎస్30వీ వంటి పొడి లోహవిధానపు (లోహపు పొడిని ఒత్తి తయారుచేసే) ఉక్కులో వెనేడియం 4 శాతం ఉంటుంది. ఆ వెనేడియం కార్బన్‌తో కలిసి ఏర్పడే గట్టి రేణువుల, అంటే కార్బైడ్ల వల్ల అట్ట కోసేటప్పుడు అంచు చాలాకాలం నిలుస్తుంది. ఆ కార్బైడ్లు మామూలు అల్యూమినియం ఆక్సైడ్ సానరాయి కన్నా గట్టివి కాబట్టి, అలాంటి బ్లేడుకు వజ్రపు పొడి పొదిగిన సానపలక ఉంటే పని సవ్యంగా సాగుతుంది. 2021లో లోహశాస్త్రవేత్త లారిన్ థామస్ రూపొందించిన మాగ్నాకట్ ఉక్కు ఈ నాలుగు గుణాల మధ్య ఇదివరకటి వాటికన్నా మంచి సమతూకం సాధించింది, అది లోహశాస్త్రంలో మెచ్చుకోదగిన పని. డీ2 రకం ఉక్కులో క్రోమియం సుమారు 12 శాతం ఉన్నా, దానిలో చాలా భాగం కార్బన్‌తో కలిసి కార్బైడ్లుగా మారిపోవడం వల్ల తుప్పును అడ్డుకునేందుకు మిగిలేది తక్కువ. చెమట పట్టే జేబులో అది మచ్చలు వేస్తుంది.

విక్టోరినాక్స్ వాడే సాదా స్టెయిన్‌లెస్ ఉక్కు గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 56 దగ్గర ఉంటుంది, అంటే మెత్తన వైపే. అది త్వరగా మొద్దుబారుతుందని ఆక్షేపణ ఉంది, ఆ మాట సరైనదే. కాని టేపు, కవర్లు, పండ్లు కోసే చాకు మొద్దుబారితే చిన్న రాయి మీద కొద్ది నిమిషాల పని. తడిసిన పండు కోసి తుడవడం మరచినా మచ్చ పడదు. సానపట్టడం తెలిసిన చేతికి మెత్తని ఉక్కు లోపం కాదు. సానపట్టని మనిషి దగ్గర ఖరీదైన ఉక్కు సైతం చివరకు మొద్దుదే అవుతుంది, కాస్త ఆలస్యంగా అవుతుంది, అంతే తేడా.

చివరి రెండు

పోటీలో రెండు మిగిలాయి. ఒకటి స్పైడర్కో డ్రాగన్‌ఫ్లై: 34 గ్రాములు, 58 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ బ్లేడు, వెన్ను నుంచి అంచు దాకా సమతలంగా సన్నబడిన ఆకారం, లాక్‌బ్యాక్, బొటనవేలితో తెరవడానికి బ్లేడులో గుండ్రటి రంధ్రం. ఆ రంధ్రమూ జేబు క్లిప్పూ ఆ సంస్థ 1981 నాటి తొలి మడత చాకులోనే ఉన్నాయి, ఈనాటి చాకుల్లో చాలా భాగం వాటికి ఏదో విధంగా రుణపడి ఉన్నాయి. రెండోది విక్టోరినాక్స్ క్యాడెట్: లాక్ లేదు, గోటితో లాగి తెరవాలి, బ్లేడుతో పాటు డబ్బా తెరిచేది, సీసామూత తీసేది, వాటి చివర్లలో చిన్నా పెద్దా స్క్రూడ్రైవర్లు, ఒక ఆకురాయి.

ఒక చేతిలో పార్సిల్ పట్టుకుని రెండో చేత్తో తెరవవలసినప్పుడు డ్రాగన్‌ఫ్లై ఎదుట క్యాడెట్ నిలవలేదు. ఈ సౌకర్యాన్ని తక్కువ చేసి రాయడం న్యాయం కాదు. అయితే నా పుస్తకంలో అలాంటి సందర్భాలు కొద్దిగానే ఉన్నాయి. చాలాసార్లు పార్సిల్ బల్ల మీదే ఉంది, రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి. ఇంకో పక్క, కోతలు కాకపోయినా, వదులైన స్క్రూ బిగించడం, డబ్బా మూత లేపడం వంటి పనులు తరచుగా కనిపించాయి. వాటికి చాకు మొన వాడితే మొన విరుగుతుంది, క్యాడెట్‌లో వాటికి వేరే పనిముట్లున్నాయి. బ్లేడును కోతకే పరిమితం చేయగలగడం దాని ఆయుష్షును పెంచే విషయం.

మరొకటి మనుషులకు సంబంధించినది. ఒక చేత్తో విదిలించినట్టు తెరుచుకుని టక్కున లాక్ పడే చాకును చూసి పక్కన కూర్చున్నవారు ఉలిక్కిపడతారు. నిదానంగా గోటితో తెరిచిన వెండిరంగు చాకును చూసి, అదయ్యాక కాస్త ఇస్తారా అని అడుగుతారు. నేను రోజంతా పదిమంది మధ్య పనిచేస్తాను. వారిని కలవరపెట్టని వస్తువు నాకు కావాలి.

క్యాడెట్‌ను ఎంచుకున్నాను.

చేతికి వచ్చాక చేసిన తనిఖీ

కొత్త చాకును వాడకానికి ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి, ఇవి ఏ మడత చాకుకైనా వర్తిస్తాయి. మూసి, పిడిలోకి నిలువుగా చూస్తే బ్లేడు పక్క గోడలకు రాసుకోకూడదు. తెరిచి, మొనకు దగ్గరగా వెన్నును పట్టుకుని పక్కలకు కదిపితే కీలు దగ్గర వదులుతనం ఉండకూడదు. స్ప్రింగ్ బ్లేడును చివరి వరకు తనే లాక్కుని చప్పుడుతో మూసుకోవాలి. సగంలో సోమరిగా ఆగితే జేబులో తెరుచుకునే ప్రమాదం ఉంది. మూసినప్పుడు అంచు లోపలి స్ప్రింగ్‌ను తాకకూడదు, తాకితే మూసిన ప్రతిసారీ ఒకే చోట మొద్దుబారుతుంది. దీన్ని కనిపెట్టడానికి కాగితపు సన్నని పట్టీని లోపల ఉంచి మెల్లగా మూసి తీశాను. కాగితం మీద కోత పడలేదు, అంటే లోపల చోటుంది.

కీలు దగ్గర ఆహారానికి హాని చేయని మినరల్ నూనె ఒక్క చుక్క వేసి, పలుమార్లు తెరిచి మూసి, బయటికి వచ్చిన నల్లటి జిడ్డును తుడిచాను. ఎక్కువ నూనె జేబులోని నూగును పట్టుకుని పేరుకుంటుంది కాబట్టి ఒక చుక్కకు మించి వద్దు.

సానపట్టడం

కార్ఖానా అంచు టేపును బాగానే కోసింది. నాకు ఇంకా సన్నని కోణం కావాలనిపించి, ఒక్కో పక్క 15 డిగ్రీలకు దించాను. కోణాన్ని చేతితో పట్టడానికి ఒక సులభమైన లెక్క ఉంది: అంచు నుంచి వెన్నుకు 12 మిల్లీమీటర్ల వెడల్పున్న బ్లేడును 15 డిగ్రీలకు వాల్చితే వెన్ను మధ్యరేఖ రాయి నుంచి సుమారు 3.1 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది, 20 డిగ్రీలకైతే 4.1. ఆ ఎత్తుకు సరిపడే నాణేలను పేర్చి ఒకసారి కంటికి చూపిస్తే చెయ్యి గుర్తుపెట్టుకుంటుంది. పట్టీ మీద మార్కర్ పెన్నుతో నల్లగా పూసి రాయి మీద ఒకసారి లాగితే, సిరా ఎక్కడ చెరిగిందో అక్కడే రాయి తాకుతోందని తెలుస్తుంది. సిరా భుజం దగ్గర, అంటే పట్టీ పై చివరన, మాత్రమే పోతే ఇంకా అంచును చేరలేదన్నమాట.

1000 గ్రిట్ (రాయి రేణువుల సన్నదనాన్ని చెప్పే సంఖ్య) రాయి మీద ఒక పక్క రుద్దుతూ, రెండో పక్కన అంచు పొడవునా సన్నని పొర లేచిందో లేదో బొటనవేలిని వెన్ను నుంచి అంచు వైపు, అంచుకు అడ్డంగా, తేలికగా జరిపి చూస్తూ వచ్చాను. గోరుకు తగిలే ఆ చిన్న గరుకుదనం మొదలు నుంచి మొన దాకా విడవకుండా వచ్చేవరకు పక్క మార్చకూడదు. ఆపై రెండో పక్క కూడా అలాగే చేసి, ఒత్తిడి తగ్గిస్తూ పక్కలు మార్చుకుంటూ లాగి, చివరకు తోలు పట్టీ మీద వెన్ను ముందుగా లాగాను. దీపం కింద అంచును నిటారుగా కంటికి ఎదురుగా పెట్టి చూస్తే, పదునున్న చోట ఏమీ కనిపించదు, మొద్దుబారిన చోట మాత్రం తెల్లటి మెరుపు చుక్కలుగా వెలుగు తిరిగి వస్తుంది. మొదలు దగ్గర అలాంటి చుక్క ఒకటి మిగిలింది, అక్కడ మళ్లీ రాయి పెట్టవలసి వచ్చింది.

15 డిగ్రీల అంచు పండుకు, కాగితానికి గొప్పగా పనిచేసింది. గట్టి ప్లాస్టిక్ కేబుల్ టైలు కోశాక దీపం కింద చూస్తే ఒక చోట అంచు పక్కకు ఒరిగి ఉంది. 56 గట్టిదనమున్న ఉక్కు ఇంతకన్నా సన్నని కోణాన్ని అన్ని పనులకూ మోయలేదని దీని అర్థం. పట్టీని 15 దగ్గరే ఉంచి, చిట్టచివరి వెంట్రుకవాసిని మాత్రం 20 డిగ్రీలతో, బరువు వేయకుండా కొద్దిసార్లు లాగాను. వెనుక మందం పలుచగానే ఉండిపోయింది కాబట్టి కోతలో తేడా తెలియలేదు, ఒరగడం మాత్రం ఆగింది.

ప్రస్తుత స్థితి

చాకు రోజూ కుడి జేబులో, తాళాలు లేని వైపు ఉంటోంది. అల్యూమినియం పిడి అంచుల్లో రంగు కాస్త అరిగింది, గీతలు పడ్డాయి, వాటిని పాలిష్ చేసే ఉద్దేశం లేదు. వారాంతంలో తోలు పట్టీ మీద లాగడమే సరిపోతోంది, రాయి అరుదుగా తీస్తున్నాను. కీలు లోపల నూగు చేరినప్పుడు గోరువెచ్చని సబ్బునీటిలో తెరిచి మూసి కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, నూనె చుక్క వేస్తున్నాను.

తర్వాతి పని అంచు వెనుక మందాన్ని మళ్లీ కొలవడం. కొన్నప్పటి కొలత ఈ డైరీ మొదటి పేజీలో ఉంది. సానలు పెరిగిన కొద్దీ అది ఎంత లావవుతోందో చూసి, అవసరమైతే ముతక రాయి మీద భుజాన్ని పలుచబరచాలి.